నాన్న పేరు మీదున్న ఫ్యామిలీ ప్లాన్ నుంచి నా నంబరు బయటికి తెచ్చుకోవాలి, ఇంట్లో గొడవ కాకుండా ఎలా?

వనస్థలిపురం_పిల్ల:

కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నాకు 27. రాయదుర్గంలో టెస్టింగ్ ఉద్యోగం. పొద్దున ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్ మారి, ఆఫీసుకు చేరేసరికి గంటన్నర. ఆ గంటన్నరా ఫోనే దిక్కు. నేను ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు నాన్న ఒక పోస్ట్‌పెయిడ్ ఫ్యామిలీ ప్లాన్ తీసుకున్నారు. మొత్తం ఐదు నంబర్లు: నాన్నది మెయిన్, అమ్మ, నేను, తమ్ముడు, నానమ్మ. నానమ్మది బటన్ల ఫోను. దానికి నెట్ అక్కర్లేదు కాబట్టి "నానమ్మ డేటా వారసత్వంగా నాది" అంటాడు మా తమ్ముడు. డేటా అందరికీ కలిపి ఒకే మూట. మామూలు నెలల్లో 20వ తేదీ దాకా వస్తుంది, క్రికెట్ సీజన్లో 12వ తేదీకే ఖాళీ. ఆ తర్వాత నేను ట్రైన్‌లో కిటికీ చూసుకుంటూ కూర్చోవడమే.

డేటా ఒక్కటే అయితే ఏదోలా సర్దుకునేదాన్ని. అసలు సమస్య బిల్లు. నాన్న ఆర్టీసీ డిపోలో క్యాష్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. ఏ లెక్కయినా టాలీ కాకపోతే ఆయనకు నిద్ర పట్టదు. బిల్లు మెయిల్‌లో రాగానే జిరాక్స్ షాపుకు వెళ్లి ప్రింట్ తీయించుకుని, హాల్లో కూర్చుని ఎర్ర పెన్నుతో గీతలు కొడతారు. ఏ నంబరుకి, ఎన్ని నిమిషాలు, రాత్రి ఎన్నింటికి అన్నీ అందులో ఉంటాయి. "ఈ 48 నిమిషాలు ఎవరితోనమ్మా?" అంటారు. అనుమానంతో కాదు, నిజంగా లెక్క కోసమే. కానీ 27 ఏళ్లు వచ్చాక 48 నిమిషాలకు సంజాయిషీ చెప్పుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంట్లో చెప్పాల్సిన విషయం ఒకటి ఉంది, టైమొచ్చినప్పుడు నేనే చెప్తాను. ఫోన్ బిల్లు చెప్పకూడదు, అంతే.

ఇప్పటికి రెండుసార్లు కదిపాను. మొదటిసారి "ఇప్పుడు నీకేం తక్కువైంది?" అన్నారు. రెండోసారి ఏమీ అనలేదు గానీ పెరుగన్నం తినకుండా లేచిపోయారు. అమ్మ నా వైపు చూసి "వేరు కాపురం పెడుతున్నావా ఏంటే?" అంది. నెలనెలా నా వాటా ఇస్తానంటే నాన్న తీసుకోరు, అది ఇంకో బాధ.

నాకు తెలియాల్సినవి ఇవి. నంబరు మారకూడదు, బ్యాంకు, ఆధార్, పీఎఫ్ అన్నీ దానికే ఉన్నాయి. సిమ్ నాన్న పేరు మీద ఉంది, అదేమైనా అడ్డమా? నేను వెళ్లిపోతే మిగతా నలుగురికి ఖర్చు పెరుగుతుందా? అన్నింటికంటే ముఖ్యంగా, ఇది నాన్నకు ఎలా చెప్పాలి?

రెండు_సిమ్ముల_బాబు:

ఇంత కథ దేనికి అక్కా. ఫోన్లో రెండో స్లాట్ ఖాళీగానే ఉంటుంది కదా, ఇంకో ప్రీపెయిడ్ సిమ్ వేసుకుని నెట్ దాని మీద వాడుకో, పాత నంబరు ఓటీపీలకీ నాన్నకీ వదిలెయ్. ఆ 48 నిమిషాలు వాట్సాప్‌లో మాట్లాడుకో. వాట్సాప్ కాల్ ఎవరికి చేశావో బిల్లులో రాదు, డేటా లెక్కలో కలిసిపోతుంది. ఎర్ర పెన్నుకు పని ఉండదు.

వనస్థలిపురం_పిల్ల:

వాట్సాప్ కాల్‌కి కూడా డేటా కావాలి బాబూ, అదే కదా 12వ తేదీకి అయిపోతోంది. రెండో సిమ్ ఆలోచన నాకూ వచ్చింది. కానీ దాక్కుని చేసే పనిలా ఉంటుంది, అదే నచ్చట్లేదు.

పాత_కౌంటర్_మనిషి:

కూకట్‌పల్లిలో ఒక మొబైల్ స్టోర్ కౌంటర్ వెనకాల ఆరేళ్లు కూర్చున్నాను, కాబట్టి ఇది నాకు వదిలెయ్యండి.

చెల్లెమ్మా, నీ పోస్టులో రెండు వేరే పనులు కలిసిపోయాయి. ప్లాన్ నుంచి బయటికి రావడం ఒక పని. నంబరు ఎవరి పేరు మీద ఉందనేది ఇంకో పని. జనం మొదటిదాని గురించే కంగారు పడతారు, నిజానికి ముఖ్యమైనది రెండోది.

నంబరు పోదు, ఆ భయం వద్దు. 2011 జనవరిలో పోర్టింగ్ దేశమంతటికీ వచ్చింది, అప్పటి నుంచీ నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మారొచ్చు. పోర్ట్ అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, నీ పది అంకెల నంబరు కొట్టి 1900కి ఎస్సెమ్మెస్ పంపాలి. పోర్ట్ అనే మాట ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో. వెంటనే 8 అక్షరాల పోర్టింగ్ కోడ్ (యూపీసీ అంటారు) వస్తుంది. అది మన దగ్గర 4 రోజులే పనిచేస్తుంది, అందుకే కోడ్ తెప్పించుకున్నాక ఆలోచించడం కాదు, ఆలోచించాకే కోడ్ తెప్పించుకోవాలి. ఆ కోడ్, ఆధార్ పట్టుకుని కొత్త కంపెనీ స్టోర్‌కి వెళ్తే సిమ్ ఇస్తారు. ఒకే టెలికాం సర్కిల్ (కంపెనీలు సర్వీసు కోసం విడగొట్టుకున్న ప్రాంతం) లోపలే అయితే 3 పనిదినాల్లో మారిపోతుంది. తెలంగాణ, ఆంధ్ర రెండు రాష్ట్రాలయ్యాయి గానీ టెలికాం లెక్కలో ఇప్పటికీ రెండూ కలిపి ఒకే సర్కిల్, కాబట్టి సిమ్ విజయవాడలో తీసుకున్నదైనా తేడా రాదు. మారే రోజు కొన్ని గంటలు సిగ్నల్ ఉండదు, ఆ రోజు డబ్బులు పంపే పనులు పెట్టుకోకు. కొత్త సిమ్ వేశాక యూపీఐ యాప్‌లు మళ్లీ వెరిఫై చేయమంటాయి, అది మామూలే.

కోడ్ రాకపోవడానికి కారణాలు కొన్నే ఉంటాయి. పోస్ట్‌పెయిడ్ వాళ్లకు ఎక్కువగా తగిలేది బాకీ. వచ్చిన బిల్లు కట్టకుండా ఉంటే కోడ్ ఇవ్వరు. నంబరు తీసుకుని గానీ, చివరిసారి పోర్ట్ అయ్యి గానీ 90 రోజులు నిండాలి, నీది పాతదే కాబట్టి ఫరవాలేదు. సిమ్ పోయిందనో పాడైందనో కొత్తది తీసుకుంటే 7 రోజులు ఆగాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన రూలు ఇది, సిమ్ స్వాప్ మోసాల వల్ల, అంటే మన నంబరు మీద వేరేవాళ్లు సిమ్ తీసుకుని చేసే మోసాల వల్ల పెట్టారు. ఇంకొకటి నీకు నేరుగా సంబంధించినది: పేరు మార్పు నడుస్తూ ఉంటే ఆ మధ్యలో కోడ్ ఇవ్వరు. కాబట్టి రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టకు.

ఇక పేరు సంగతి. పోర్ట్ చేసేటప్పుడే పేరు కూడా మార్చేయొచ్చని కొన్ని షాపుల్లో చెప్తారు. వినకు. పోర్టింగ్ అంటే అదే మనిషి తన నంబరుతో కంపెనీ మారడం, నంబరుకు యజమాని మారడం కాదు. ముందు ఇప్పుడున్న కంపెనీలోనే నాన్న పేరు నుంచి నీ పేరుకు మార్పించుకో. ఇద్దరూ స్టోర్‌కి వెళ్లాలి, ఇద్దరి ఆధార్‌లూ కావాలి, నాన్న ఒప్పుకున్నట్టు అక్కడే నమోదు చేస్తారు. అది పూర్తయిందని మెసేజ్ వచ్చాక పోర్ట్ పెట్టుకో. పేరు మారాక ఎన్నాళ్లకు పోర్ట్ ఇస్తారో కౌంటర్లోనే అడిగెయ్, రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది.

అసలు కంపెనీ మారాల్సిన పని కూడా లేకపోవచ్చు. నీ ఏరియాలో సిగ్నల్ బాగుంటే అదే కంపెనీలో ప్రీపెయిడ్‌కి మార్చుకున్నా నీ లెక్క నీకే ఉంటుంది.

జాయింట్_ఫ్యామిలీ_ఆఫర్:

అందరూ వెళ్లిపో వెళ్లిపో అంటున్నారు గానీ డబ్బు లెక్క ఎవరూ వేయట్లేదు. అక్కా, మీ ఇంటి బిల్లు ఎంతో చెప్పలేదు, జీఎస్టీతో 1,600 అనుకుందాం. ఐదుగురికి పంచితే నీ తల మీద 320, ఏడాదికి 3,840. బయటికొచ్చి రోజుకు ఒకటిన్నర జీబీ ఉండే 84 రోజుల ప్రీపెయిడ్ ప్యాక్ 859 అనుకుంటే ఏడాదికి దాదాపు 3,730. అదే 28 రోజుల ప్యాక్ 349 అనుకుంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జులు, 4,537. నెల అని పేరు పెట్టి 28 రోజులిచ్చిన మహానుభావుడు ఎవరో గానీ మన జేబులోంచి ఒక నెల అదనంగా లాగాడు. పోస్ట్‌పెయిడ్‌లో చూపించే రేటుకు పైన 18 శాతం జీఎస్టీ పడుతుంది, ప్రీపెయిడ్‌లో అది కలిపే ఉంటుంది, పోల్చేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

అంటే నీకు పెద్దగా నష్టం లేదు. కానీ నువ్వు వెళ్తే నాన్న బిల్లులోంచి 320 తగ్గుతుందనుకోకు. ఫ్యామిలీ ప్లాన్‌లో బరువంతా మెయిన్ నంబరు మీదే ఉంటుంది, నీ నంబరు తీసేస్తే తగ్గేది దానికి అదనంగా వేసే యాడ్-ఆన్ చార్జీ ఒక్కటే, డేటా మూట కూడా ఆ మేరకు చిన్నదవుతుంది. ఇల్లు మొత్తం చూస్తే ఖర్చు పెరిగినట్టే. మీ నాన్నగారికి ఇది రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది, ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా పెట్టుకో.

నానమ్మ నంబరు కూడా ఒకసారి చూడండి. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక డేటా లేకుండా కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకే ప్యాకులు వచ్చాయి. బటన్ల ఫోనుకు డేటా ప్లాన్ పెట్టి తమ్ముణ్ని మేపడం నాకైతే నచ్చలేదు.

తార్నాక_నాన్న:

నేను మీ నాన్న పార్టీ మనిషిని, కాబట్టి ఆ వైపు మాట కూడా వినమ్మా.

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు పోయినేడాది ఒకరోజు పొద్దున్నే "నా నంబరు మార్చేసుకున్నా డాడీ" అని వాట్సాప్‌లో పెట్టాడు. ముందు చెప్పలేదు, అడగలేదు. నేను రెండు రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. ఫోన్ ప్లాన్‌కి ఎవరైనా అలుగుతారా అని మా ఆవిడ నవ్వింది. కానీ ఏంటంటే, స్కూలు ఫీజు అయిపోయింది, కాలేజీ ఫీజు అయిపోయింది, బట్టలు వాళ్లే కొనుక్కుంటున్నారు, నేను ఇంకా కడుతున్నది ఆ ఫోన్ బిల్లు ఒక్కటే. నెలకొకసారి ఆ డబ్బులు కట్టేటప్పుడు పిల్లలిద్దరూ నా చేతిలో ఉన్నట్టుండేది. అది పోయిందన్న బాధే గానీ కోపం కాదు. పెరుగన్నం వదిలేసిన మనిషికి కూడా అదే అయ్యుంటుంది.

కాబట్టి "నేను ప్లాన్ నుంచి వెళ్లిపోతా" అని మొదలుపెట్టకు. ఆ మాటలో వెళ్లిపోవడమే వినపడుతుంది. "నాన్నా, నా ఆధార్, నా బ్యాంకు అన్నీ ఉన్న నంబరు నీ పేరు మీద ఉంది, కాగితాలు సరిచేద్దాం, స్టోర్‌కి తోడొస్తావా?" అని అడుగు. తోడు రమ్మంటే రాని తండ్రి ఉండడు. ఆ 48 నిమిషాల సంగతి మాత్రం మీ నాన్న ఎప్పుడో కనిపెట్టేసుంటాడు. మేము అంత అమాయకులం కాదు తల్లీ.

ఉప్పల్_అక్క:

నేను మామూలుగా ఇక్కడ రాయను, చదివి వెళ్లిపోతాను. కానీ పేరు సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నా.

నా నంబరు కూడా మా నాన్న పేరు మీదే ఉండేది. 2021లో నాన్న పోయారు. ఆ సమయంలో సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఎవరికి గుర్తుంటుంది? బిల్లు నేను కడుతూనే ఉన్నా, ఫోను పనిచేస్తూనే ఉంది. ఏడాదిన్నర తర్వాత సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వచ్చే బస్సులో ఫోన్ పోయింది. కొత్త సిమ్ కోసం స్టోర్‌కి వెళ్తే, అక్కడున్న అబ్బాయి కంప్యూటర్లో చూసి "ఓనర్ రావాలి మేడమ్, ఆయనను తీసుకురండి" అన్నాడు. ఆయన లేరని చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. పాపం ఆ పిల్లాడి తప్పేం లేదు.

తర్వాత డెత్ సర్టిఫికెట్, మా నాన్నకు నేను కూతుర్నే అని చూపించే కాగితం, మా అన్నయ్యకు అభ్యంతరం లేదని సంతకం. అన్నయ్య పుణెలో ఉంటాడు. ఒక కాగితం తీసుకెళ్తే ఇంకొకటి కావాలనేవాళ్లు, మూడు వారాలు తిరిగాను. ఆ మూడు వారాలూ బ్యాంకు ఓటీపీ లేదు, యూపీఐ లేదు. పోనీ ఆధార్‌లో వేరే నంబరు పెట్టుకుందామంటే, అప్పుడు సెంటర్‌కి వెళ్లి వేలిముద్ర వేయాల్సి వచ్చింది, మాదాపూర్ ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లి ఆ పనీ చేసుకొచ్చాను. జీతం అకౌంట్లోనే ఉంది, చేతిలో మాత్రం డబ్బు లేదు. పక్కింటివాళ్ల దగ్గర రెండు వేలు అప్పు తీసుకున్నా.

ప్లాన్ ఎవరు కడితే ఏంటి, కట్టనివ్వండి. పేరు మాత్రం మార్పించుకోండి. నాన్న ఉండగానే మార్పించుకోండి.

రెండు_సిమ్ముల_బాబు:

సారీ అక్కా, నేను జోకులేశాను. మా ఇంట్లో నా సిమ్ కూడా అమ్మ పేరు మీదే ఉంది, ఇప్పుడే గుర్తొచ్చింది.

పాత_కౌంటర్_మనిషి:

ఉప్పల్ అక్క చెప్పినలాంటివి కౌంటర్లో కనీసం నెలకొకటి చూసేవాణ్ని. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఏం చెప్పాలో తెలిసేది కాదు.

ఇంకో విషయం, ఇది అందరికీ. సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్‌లో మీ నంబరు, ఓటీపీ కొడితే మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూపిస్తుంది. మనకు తెలియనిది ఉంటే "నా నంబరు కాదు" అని, పాతది వద్దనుకుంటే "అవసరం లేదు" అని నొక్కి ఫిర్యాదు పెట్టొచ్చు. ఒకరి పేరు మీద 9 వరకే ఉండాలి. ఫ్యామిలీ ప్లాన్‌లు తీసుకునే పెద్దవాళ్లు పిల్లలవీ, పాత నెట్ డాంగిల్‌వీ అన్నీ తమ పేరు మీదే తీసుకుని ఉంటారు, లెక్క ఎక్కడికో వెళ్తుంది. మీ నాన్నగారితో ఇది చేయించు చెల్లెమ్మా, లెక్కల మనిషి అన్నావు కదా.

వనస్థలిపురం_పిల్ల:

మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలి కదా.

తార్నాక అంకుల్ చెప్పినట్టు మొదలుపెడదామనుకున్నా, నోట్లోంచి మాట రాలేదు. అందుకని ఆదివారం టీ తాగేటప్పుడు ఉప్పల్ అక్క రాసింది నాన్నకు చదివి వినిపించాను. "ఆయనను తీసుకురండి" దగ్గర నా గొంతు ఆగింది, మిగతాది అమ్మ చదివింది. నాన్న ఏమీ అనలేదు. లేచి వెళ్లి బీరువాలోంచి ఆయన ఫైలు తెచ్చారు. నాకు నిజంగా భయమేసింది. తీరా చూస్తే అందులో ఐదు సిమ్‌ల అప్లికేషన్ జిరాక్సులు, తేదీల వారీగా. "అప్పుడు నీకు పద్దెనిమిది నిండలేదమ్మా, అందుకే నా పేరు మీద తీసుకున్నా. తర్వాత మార్చాలనుకున్నా, మర్చిపోయా" అన్నారు. అంతే. నేను ఇన్నాళ్లూ ఏదేదో ఊహించుకున్నాను.

సంచార్ సాథీ గురించి చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పటికప్పుడు కూర్చుని చూశాం. మావి ఐదు, ఎప్పటిదో డాంగిల్ ఒకటి, ఆరు దాకా లెక్క సరే. ఏడోది ఎవరిదో మాకెవరికీ తెలియదు. నాన్న మూడుసార్లు లెక్కపెట్టి, ఎర్ర పెన్నుతో కాగితం మీద ఆ నంబరు చివరి అంకెలు రాసుకుని, దానికి ఫిర్యాదు పెట్టేదాకా టీ చల్లారిపోయినా చూసుకోలేదు. ఇప్పుడు మా కాలనీలో వాకింగ్‌కి వచ్చే వాళ్లందరితో అదే చేయిస్తున్నారు.

శనివారం ఇద్దరం ఎల్బీ నగర్ స్టోర్‌కి వెళ్లి పేరు మార్పించాం. సంతకం పెట్టేటప్పుడు కౌంటర్లో అమ్మాయి "మీ అమ్మాయికి ఇచ్చేస్తున్నారా సార్?" అంది. నాన్న "నంబరే" అన్నారు. బయటికొచ్చి చెరకురసం ఇప్పించారు, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

కంపెనీ మారలేదు, అక్కడే ప్రీపెయిడ్‌కి వచ్చేశాను, 84 రోజుల ప్యాక్. జాయింట్ ఫ్యామిలీ అన్న చెప్పిన లెక్క నాన్న నాకంటే ముందే వేసేశారు. నానమ్మ నంబరు కూడా కాల్స్ ప్యాక్‌కి మారుస్తానంటున్నారు. డేటా వారసుడికి అన్నం సహించట్లేదు. ఈ నెల బిల్లు ప్రింట్‌లో నా పేజీ లేదు కాబట్టి ఎర్ర పెన్ను మొత్తం వాడి వైపు తిరిగింది. నిన్న నాకు మెసేజ్ పెట్టాడు: "అక్కా, ఆ 1900కి ఏం పంపాలి?"

ఆ 48 నిమిషాల సంగతి ఇంకా చెప్పలేదు. అంకుల్, మీరన్నది నిజమేనేమో. స్టోర్ నుంచి వచ్చే దారిలో నాన్న "ఇక ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు" అన్నారు, రోడ్డు వైపు చూస్తూ.

పాత_కౌంటర్_మనిషి:

తమ్ముడికి చెప్పు, బిల్లు బాకీ ఉంటే కోడ్ రాదు. నువ్వు కూడా చూసుకో, ప్లాన్‌లోంచి నువ్వు బయటికొచ్చిన తేదీ వరకు నీ వాటా నాన్న వచ్చే నెల బిల్లులో రావచ్చు. అది కూడా కట్టేశాకే అక్కడ లెక్క పూర్తయినట్టు. పోస్ట్‌పెయిడ్ తీసుకున్నప్పుడు డిపాజిట్ ఏదైనా కట్టి ఉంటే అడుగు. ఆ రసీదు నాన్న ఫైలులో కచ్చితంగా ఉంటుంది.